బుల్లి పోర్టు... గట్టి బేరం!

అబ్బాయి బీటెక్‌లో చేరాడని అమలాపురం వెళ్లి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చారు. పెట్టె విప్పి చూస్తే, పాత గుండ్రటి పిన్ను ఛార్జర్ లేదు. ఫోనుకు పెట్టుకునేలాంటి కేబులే ఉంది. 'ఇంత మిషన్‌కి ఈ బుల్లి వైరు సరిపోద్దేంట్రా?' అని తాతయ్యకు అనుమానం. రాజోలులోనైనా కొత్తపేటలోనైనా ఎవరికైనా వచ్చే అనుమానమే ఇది. సరిపోతుంది. ఎందుకంటే మారింది బయటి ఆకారం ఒక్కటే కాదు, లోపలి సరంజామా కూడా!

ఈ పోర్టు పేరు యూఎస్‌బీ టైప్-సి. 2014లో రూపుదిద్దుకుంది. 1996 నాటి తొలి యూఎస్‌బీలో ఉన్నవి నాలుగే పిన్నులు... రెండు కరెంటుకి, రెండు డేటాకి. ఇందులో ఏకంగా 24. పైన 12, కింద 12 ఉండటంతో ఎటు తిప్పి పెట్టినా పట్టేస్తుంది.

అసలు విశేషం పిన్నుల వెనకాల ఉంది. ధవళేశ్వరంలో నీళ్లన్నీ ఒక్కసారిగా కాలువలోకి వదిలేయరు కదా. కాలువ ఎంత మోయగలదో చూసి గేట్లు ఎత్తుతారు. ఇక్కడా అంతే. కేబుల్ పెట్టగానే ముందు వచ్చేది 5 వోల్టులే. అప్పుడు ల్యాప్‌టాప్‌లోని చిప్, ఛార్జర్‌లోని చిప్ మాట్లాడుకుంటాయి. 'నేను ఇంతవరకూ ఇవ్వగలను' అంటుంది ఛార్జర్. 'నాకు 20 వోల్టులు కావాలి' అంటుంది ల్యాప్‌టాప్. బేరం కుదిరాకే వోల్టేజీ పెరుగుతుంది. ఒకప్పుడు 100 వాట్లున్న హద్దును 2021లో 240కి పెంచారు. అయితే 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్‌లోనూ ఓ చిప్ ఉండాలి. అది లేని చౌక కేబుల్ పెడితే పెద్ద ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది.

చిక్కులూ లేకపోలేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా కొన్ని టైప్-సి పోర్టులు డేటాకే పనికొస్తాయి, ఛార్జింగ్ తీసుకోవు. పాత గుండ్రటి జాకు పాడైతే చాలా మోడళ్లలో అదొక్కటీ మార్పిస్తే సరిపోయేది. కొత్తవాటిలో చాలావాటికి పోర్టును మదర్‌బోర్డు మీదే టంకం వేస్తారు. అది విరిగిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొన్నింటిలో మాత్రం విడి బోర్డు మీద ఉంటుంది. కాబట్టి 'ఏ పోర్టుతో ఛార్జ్ అవుతుంది? ఎన్ని వాట్లు కావాలి? పాడైతే పోర్టు విడిగా మార్చొచ్చా?' అని కొనేటప్పుడే అడగాలి. ఛార్జింగ్‌లో ఉండగా కేబుల్ పట్టి లాగకూడదు. పోర్టుకు తడి తగిలితే ఆరేదాకా ఆగాలి.

ఐరోపా సమాఖ్య 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకూ ఈ పోర్టునే తప్పనిసరి చేసింది. అంటే, ఇంటిల్లిపాదికీ ఒకటే ఛార్జర్ అన్నమాట. తాతయ్య ఫోనుకూ అదే, మనవడి ల్యాప్‌టాప్‌కూ అదే... బేరం సంగతి అవే చూసుకుంటాయి!