బండి గుర్తుపెట్టుకున్న తాళాలు

కార్తీక సోమవారం, తెల్లవారుజామున నాలుగున్నర. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో నాన్న మూడు మునకలు వేసి పైకి లేచారు. రొంటిన దోపుకున్న కారు తాళం మాత్రం లేవలేదు.

"నాకివ్వమంటే వినరు" అని అమ్మ రెండే ముక్కలంది. గంటసేపు నీళ్ళలో కాళ్ళతో తడిమాం. గోదారమ్మ తీసుకున్నది తిరిగి ఇస్తుందా?

మామూలుగా అయితే నవ్వుకునే కథే. కానీ ఆ సెకండ్ హ్యాండ్ కారు మేం కొన్నదే మామ్మ డయాలసిస్ కోసం. వారానికి రెండుసార్లు మా ఊరి నుంచి రాజమండ్రి తీసుకురావాలి. మర్నాడు మంగళవారం, రావాల్సిన రోజు. ఆవిడ ఆసుపత్రి ఫైలు కూడా లాక్ అయిన కార్లోనే ఉండిపోయింది.

మరి రెండో తాళం? కారు అమ్మినాయన రెండేళ్ళ క్రితం "ఇంట్లోనే ఎక్కడో ఉందండీ, దొరకగానే పంపిస్తా" అన్నాడు. మేమూ మర్చిపోయాం. తెల్లారాక ఫోన్ చేస్తే "వెతుకుతానండీ" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఎనిమిదింటికి డూప్లికేట్ తాళాలు చేసే ఆయన్ని పట్టుకొచ్చాం. పది నిమిషాల్లో తలుపు తెరిచాడు. ఫైలు చేతికొచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. ఓ ముప్పావుగంట ఆకురాయితో రాసి కొత్త తాళం కూడా చేశాడు. తిప్పితే ఇంజను అందుకుంది, రెండు సెకన్లకి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ ఉన్న లైటు టపటపా కొట్టుకుంటోంది. "ఇనుము వరకే నా పని బాబూ, లోపల చిప్పు నా చేతిలో లేదు" అని 500 తీసుకుని వెళ్ళిపోయాడు.

నాన్న నావైపు చూశారు. "ఈసీఈ అంటావు కదరా, ఏంటిది?" మూడో సంవత్సరం చదువుతున్న నాకు నిజంగా తెలీదు. తర్వాత తెలుసుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

మనం తాళం అనే వస్తువులో నిజానికి ముగ్గురు కాపురం ఉంటారు. ఒకటి ఇనుప బ్లేడు, లాక్‌ని తిప్పడానికి. రెండోది రిమోట్. అది సీఆర్2032 లాంటి చిన్న బ్యాటరీతో నడుస్తుంది. మన దేశంలో చాలా కార్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపుతాయి, తలుపులు తెరుచుకుంటాయి. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది కాబట్టి, ఎవడో ఆ సిగ్నల్ రికార్డు చేసి తర్వాత వినిపించినా కారు ఒప్పుకోదు. బ్యాటరీ అయిపోతే ఈ రిమోట్ ఒక్కటే చస్తుంది, బండి స్టార్ట్ అవుతుంది. బటన్ స్టార్ట్ కార్లలో కూడా చాలావాటికి, చచ్చిన తాళాన్ని బటన్‌కి ఆనించి నొక్కితే పని జరుగుతుంది. ఈ సంగతి తెలీక బ్యాటరీ కోసం అర్ధరాత్రి రోడ్డున పడ్డవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు.

మమ్మల్ని ఆపింది మూడోది, ట్రాన్స్‌పాండర్ చిప్పు. దీనికి బ్యాటరీ లేదు. లాక్ చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది. అది సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, తాళంలోని బుల్లి కాయిల్ ఆ శక్తినే తాగి మేలుకుంటుంది. చాలా కాలేజీల గేట్ల దగ్గర ఐడీ కార్డు చూపిస్తే బీప్‌మనేది కూడా ఇదే తంతు. పాత చిప్పులు ఎప్పుడూ ఒకే నంబరు చెప్పేవి, కాబట్టి వాటికి నకలు తీయడం తేలిక. తర్వాత వచ్చినవి అలా చెప్పవు. కారు ఒక అంకెను ప్రశ్నగా విసురుతుంది. చిప్పు తన దగ్గరున్న రహస్య కీతో లెక్క కట్టి జవాబిస్తుంది. అదే లెక్క కారు కూడా కట్టుకుని పోల్చుకుంటుంది. రెండూ కలవకపోతే ఇంజనుకి ఇంధనం ఆపేస్తుంది. మా రెండు సెకన్ల భాగోతం అదన్నమాట. రహస్యం మాత్రం ఒక్కసారి కూడా గాల్లోకి రాదు.

ఇది ఛేదించలేనిదని కాదు. 2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఒకదాన్ని పగలగొట్టారు. దాని కీ 40 బిట్లే, అంటే దాదాపు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. 16 ఎఫ్‌పీజీఏలు పెట్టి వెతికితే గంటలోపే దొరికిపోయింది. మనం ల్యాబులో ఎల్‌ఈడీ వెలిగించి వదిలేసే ఎఫ్‌పీజీఏలే! కానీ రేపు మామ్మని తీసుకెళ్ళాల్సిన వాడికి ఆ కథ ఏం పనికొస్తుంది?

కారుని లారీ మీద ఎక్కించి సర్వీస్ సెంటర్‌కి తోలాం. ఆర్సీ, ఆధార్, ఇన్సూరెన్స్ కాగితం, తాళం పోయిందని పోలీస్ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు అన్నీ అడిగారు. నాన్నకి చిరాకేసింది గానీ నాకు న్యాయంగానే అనిపించింది. ఊరికే అడిగినవాడికల్లా తాళం చేసిస్తే ఇక చిప్పెందుకు? ఛాసిస్ నంబరు పంపి తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో మామ్మకి మూడు ట్రిప్పులు, ఆటోలో. డయాలసిస్ అయ్యాక మనిషి వడిలిపోయి ఉంటుంది. ఆ గతుకుల్లో ఆవిడ ఒక్క మాట అనకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చునేది.

పదో రోజు టెక్నీషియన్ స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్టుకి మిషన్ తగిలించాడు. నేను పక్కనే నిలబడ్డాను. "రిజిస్టర్ అయిన తాళాలు రెండు చూపిస్తోంది సార్. ఒకటి నీళ్ళలో పోయిందన్నారు. రెండోది మీ దగ్గరుందా?"

నాన్న మాట్లాడలేదు. రెండేళ్ళుగా మా కారుని స్టార్ట్ చేయగల తాళం ఎవరి ఇంట్లో, ఎవరి చేతిలో ఉందో మాకు తెలీదు. పోయిన తాళం గురించి అంత ఏడ్చాం గానీ, పోకుండా ఎక్కడో ఉన్నదాని గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. కారు దొంగతనం అయ్యుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేవాటిలో ఒరిజినల్ తాళాలు రెండూ ఉంటాయట. ఏం చెప్పేవాళ్ళం?

అతను పాతవి రెండూ చెరిపేసి కొత్తవి రెండూ నేర్పించాడు. పట్టుమని పావుగంట పని. చాలా కార్లలో కొత్తది చేర్చేటప్పుడు పాత జాబితా మొత్తం చెరిగిపోతుందట. అందుకే స్పేర్ చేయించుకోడానికి వెళ్ళేటప్పుడు ఉన్న తాళాలన్నీ పట్టుకెళ్ళాలి, ఇంట్లో వదిలేసినది పనికిరాకుండా పోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే, పేరు మార్పిడి అయిన వారంలోనే ఈ లెక్క చూపించమని అడగండి. మాకు లారీతో సహా 16,400 అయింది. ఒక్క తాళమైనా చేతిలో ఉండగా వస్తే అందులో సగం కూడా అయ్యేది కాదని అతనే చెప్పాడు. ఆటో ఖర్చు నేను కలపలేదు, నాన్న కలపొద్దన్నారు.

ఇరవై రోజుల తర్వాత కొరియర్‌లో ఒక కవరు వచ్చింది. అందులో మా కారు పాత రెండో తాళం! పిల్లాడి బొమ్మల పెట్టెలో దొరికిందట. నాన్న వెంటనే వెళ్ళి తిప్పి చూశారు. రెండు సెకన్లు, ఆగిపోయింది. తలుపు మాత్రం తెరుచుకుంది. లాక్‌లు మార్చలేదు కదా, ఇనుముకి ఇనుము గుర్తే.

పారేద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "అసలు తాళం కార్లో మర్చిపోయి తలుపేసుకుంటే పనికొస్తుంది, ఉండనీ" అని అమ్మ చేతికిచ్చారు. అమ్మ దాన్ని తన తాళాలగుత్తికే తగిలించుకుంది.