తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాల మీద పర్లాకిమిడి రైలు

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య ఉండే దూరాన్ని రైల్వే పరిభాషలో గేజ్ అంటారు. భారతదేశంలో ఈ దూరం 1676 మి.మీ. ఉంటే బ్రాడ్‌గేజ్, 1000 మి.మీ. ఉంటే మీటర్‌గేజ్, అంతకన్నా తగ్గి 762 మి.మీ. గాని 610 మి.మీ. గాని ఉంటే నారోగేజ్ అని వ్యవహరిస్తారు. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ జంక్షన్‌లో మొదలై టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, అక్కడి నుంచి వంశధార లోయ వెంట గుణుపురానికి దాదాపు 90 కిలోమీటర్లు సాగిన లైను వీటిలో 762 మి.మీ., అంటే రెండున్నర అడుగుల, తరగతికి చెందినది. 2004 జూన్ 9తో ఆ లైనులో నారోగేజ్ బళ్ళు ఆగిపోయాయి. తరువాత అదే దారిలో బ్రాడ్‌గేజ్ పట్టాలు పడి, నేడు వాటి మీద పెద్ద రైళ్ళు తిరుగుతున్నాయి. పాత లైనును కదులుతున్న రూపంలో మళ్ళీ చూడాలంటే మిగిలిన మార్గం ఒక్కటే: కొలతలు తప్పకుండా దాన్ని కుదించి ఒక బల్ల మీద నిలబెట్టడం. మోడల్ రైల్వే అని పిలిచే ఈ విద్యకు ఉత్తరాంధ్రలో నౌపడ లైనుకన్నా తగిన వస్తువు దొరకదు.

ఆ లైను పుట్టుకే చిన్న కొలతలతో జరిగింది. మద్రాసు–కలకత్తా మెయిన్ లైనుకు తన రాజధాని దూరంగా పడిపోవడంతో పర్లాకిమిడి రాజు సొంతంగా ఒక శాఖా మార్గం వేసుకోదలచగా, 1898లో ప్రభుత్వ అనుమతి లభించి, మరుసటి ఏడు పనులు ఆరంభమై, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ–పర్లాకిమిడి భాగం 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. దానికి పర్లాకిమిడి లైట్ రైల్వే అని పేరు. లైట్ రైల్వే అంటే తేలిక పట్టాలు, చిన్న ఇంజన్లు, తక్కువ వేగం, తక్కువ పెట్టుబడితో నడిచే మార్గం. రద్దీ పెద్దగా లేని ప్రాంతాలకు నాటి ఇంజనీర్లు సూచించిన ఉపాయం అది. తొలి పదేళ్ళు నష్టాలే మిగిలినా, 1910 తరువాత కొద్దిపాటి లాభాలు, 1920ల నడుమ మరికొంత మెరుగైన లాభాలు కనబడడంతో, పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి కాలంలో 1929లోను 1931లోను రెండు విడతలుగా లైను గుణుపురం దాకా పెరిగింది. అప్పటికి ఆ దారి అంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పాతపట్నానికి పర్లాకిమిడికి నడుమ సరిహద్దు గీయడంతో, ఒకే సంస్థానపు రైలు రెండు రాష్ట్రాల రైలైంది. ప్రారంభోత్సవమూ విభజనా ఒకే తేదీన పడడం యాదృచ్ఛికమే అయినా, ఆ లైను చరిత్ర చదివేవారి దృష్టి అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది.

నమూనా తయారీలో మొదటి నిర్ణయం స్కేలు, అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు కుదించాలన్న నిష్పత్తి. ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలులో ప్రతి కొలతా 87వ వంతుకు తగ్గుతుంది. బ్రిటన్‌లో స్థిరపడిన డబుల్ ఓ స్కేలులో 76వ వంతుకు, ఎన్ స్కేలులో 160వ వంతుకు తగ్గుతుంది. ఎన్ స్కేలు మామూలు రైళ్ళకోసం కంపెనీలు 9 మి.మీ. వెడల్పు గల పట్టాలను తయారుచేస్తాయి. నారోగేజ్ అభిమానులు కనిపెట్టిన కిటుకు ఇక్కడే ఉంది: పట్టాలూ చక్రాలూ మోటారూ ఎన్ స్కేలువి తీసుకుని, వాటి మీద హెచ్‌ఓ లేదా డబుల్ ఓ కొలతల ఇంజన్ ఒళ్ళు కూర్చుంటే, పెద్ద రైలుకు ఉద్దేశించిన సన్న పట్టా చిన్న రైలుకు సరిపోతుంది. ఈ మేళవింపును మొదటి సందర్భంలో హెచ్‌ఓఈ అని, రెండో సందర్భంలో డబుల్ ఓ నైన్ అని పిలుస్తారు. రెండవదానికి బ్రిటన్‌లో 1973లో ప్రత్యేక సంఘమే ఏర్పడింది.

ఈ లెక్కను నౌపడ లైనుకు వర్తింపజేస్తే ఒక చిత్రమైన ఫలితం వస్తుంది. 762ను 87తో భాగిస్తే దాదాపు 8.75 వస్తుంది కనుక, అంగడిలో దొరికే 9 మి.మీ. పట్టా హెచ్‌ఓ నిష్పత్తిలో నౌపడ లైనుకు మి.మీ.లో పావు వంతు తేడాతో అమరుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. అదే నౌపడ పక్కనుంచి పోయే మెయిన్ లైనును చేయబోతే, 1676ను 87తో భాగించినప్పుడు 19 మి.మీ. పైచిలుకు రావాలి, దొరికే హెచ్‌ఓ పట్టా మాత్రం 16.5 మి.మీ., ఎందుకంటే అది ఐరోపా, అమెరికాల్లోని 1435 మి.మీ. గేజ్ కోసం పుట్టినది. అందుచేత మన దేశపు పెద్ద రైలును దొరికిన పట్టాల మీద నిలబెడితే పెద్ద మనిషికి పిల్లవాడి చెప్పులు తొడిగినట్టుంటుంది. సరైన వెడల్పు కావాలంటే పట్టాలను చేత్తో కట్టుకోక తప్పదు. భారతీయ రైళ్ళ నమూనాలు చేయదలచినవారు సాధారణంగా రాజధాని ఎక్స్‌ప్రెస్ వంటి గొప్ప బళ్ళ వైపే చూస్తారు గాని, కొలతల నిజాయితీ కోరుకునేవారికి చిన్న లైనే చౌకైన దారి. పట్టాల విషయంలో ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఎన్ స్కేలు పట్టాల కింది స్లీపర్లు మరీ చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉండి మోసాన్ని బయటపెడతాయి. నారోగేజ్‌కు తగినట్టు స్లీపర్లను ఎడంగా అమర్చి పీకో వంటి సంస్థలు అమ్మే పట్టాలను తెప్పించుకోవడం మేలు.

గేజ్ కుదిరినా దూరం కుదరదు. 90 కిలోమీటర్ల లైనును 87వ వంతుకు తగ్గించినా కిలోమీటరు పైన ఉంటుంది. 120 సెంటీమీటర్ల బల్ల మీద పట్టేది అసలు నేలలో 104 మీటర్లే, అంటే చిన్న స్టేషనులో ప్లాట్‌ఫారం, దాని పక్కన ఒక లూపు లైను. లూపు అంటే ఎదురు బళ్ళు తప్పుకోవడానికి మెయిన్ లైనులోంచి విడిపోయి మళ్ళీ కలిసే పక్క పట్టా. కాబట్టి ఏది పెట్టాలన్న ప్రశ్నకన్నా ఏది వదలాలన్న ప్రశ్నే ఈ పనిలో పెద్దది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మూడూ ఒకే బల్ల మీద ఉండాలని ఆశపడితే మూడూ ఆటబొమ్మలే అవుతాయి. ఒక్క చిన్న స్టేషనును ఎంచుకుని, దాని ముందు వెనకల ఖాళీ నేలకు కూడా చోటిస్తే, బండి ఎక్కడినుంచో వచ్చి ఎక్కడికో పోతున్న భావం కలుగుతుంది. నౌపడ జంక్షన్‌నే ఎంచుకునేవారికి మరొక ఆకర్షణ ఉంది: గేజ్ మారే చోట బ్రాడ్‌గేజ్ వ్యాగన్ నేరుగా ముందుకు పోలేదు కనుక, సరుకును ఒక వ్యాగన్‌లోంచి దించి మరొకదానిలోకి ఎక్కించాలి. ఆ పెద్ద వ్యాగన్ పక్కన చిన్న వ్యాగన్‌ను నిలబెడితే నారోగేజ్ అంటే ఏమిటో చూపరులకు వేరే వివరణ అక్కరలేదు. అక్కడ నిలిచి ఉండే పెద్ద వ్యాగన్ కోసం ఒక అడుగు పొడవు పట్టాను 19 మి.మీ. వెడల్పుతో చేత్తో కట్టడం అంత కష్టమూ కాదు.

కాలాన్ని కూడా ఇలాగే ఎంచుకోవాలి. 1930ల దృశ్యమైతే ఆవిరి ఇంజన్లు తప్ప మరేవీ ఉండరాదు. చివరి సంవత్సరాలైతే జడ్‌డీఎమ్ తరగతి డీజిల్ ఇంజన్ ఉండాలి. భారతీయ రైల్వే సంకేతాల్లో జడ్ రెండున్నర అడుగుల గేజ్‌ను, డీ డీజిల్‌ను, ఎమ్ ప్రయాణికుల బళ్ళకూ సరుకు బళ్ళకూ పనికివచ్చే తత్త్వాన్ని సూచిస్తాయి. 1936కు ముందరి కాలం ఎంచుకున్నవారు ప్లాట్‌ఫారం మీద గిడుగు రామమూర్తి పంతులు బొమ్మనొకటి నిలబెట్టినా చరిత్రకు విరుద్ధం కాదు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ఆ పండితుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ ఊరు ఒడిశాలో చేరేవరకు అక్కడే నివసించాడు. 165 సెంటీమీటర్ల మనిషి ఈ స్కేలులో 19 మి.మీ. ఉంటాడు. కంపెనీలు అమ్మే బొమ్మలు మాత్రం కోట్లూ టోపీలూ వేసుకున్న ఐరోపావారివి కనుక, పల్చని కాగితాన్ని జిగురులో తడిపి చుట్టి పంచెలూ చీరలూ కట్టడం తయారీదారుడి ఓపికకు వదిలిన పని.

పరిసరాల చిత్రణలో ఉత్తరాంధ్ర తనంతట తానే సామగ్రిని అందిస్తుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉండడంవల్ల, పట్టాల కింద పరిచే కంకరకు ఆ రాతిపొడిని జల్లెడపట్టి వాడుకోవచ్చు. అసలు కంకర అంగుళంన్నర ఉంటే నమూనాలో అది అర మి.మీ. కూడా ఉండదు కనుక, సన్న జల్లెడలోంచి దిగిన రవ్వే తీసుకోవాలి. కోసిన వరిచేనుకు కొబ్బరి పీచు, తాడిచెట్టు మొదలుకు కొబ్బరి ఈనెల కట్ట సరిపోతాయి. 20 మీటర్ల తాడిచెట్టు కొలత ప్రకారం 23 సెంటీమీటర్లు ఉండాలి. చాలామంది దాన్ని భయపడి సగానికి నరికేస్తారు, దానితో కోస్తా ఆకాశం తన ఎత్తును కోల్పోతుంది. మట్టి గోడల మీద తాటాకు గాని గడ్డి గాని కప్పిన గుండ్రని చుట్టిళ్ళు ఈ తీరపు పల్లెల ముద్ర. తుపాను గాలి మూలలు దొరకక పక్కకు జారిపోయే ఆ గుండ్రటి గోడను నమూనాలో ప్లాస్టిక్ పైపు ముక్కతో చేయవచ్చు. నౌపడ ఉప్పు మడులకు పల్చని అద్దపు రేకు చాలు. ఉప్పు కుప్పలకు మాత్రం నిజమైన ఉప్పు వాడరాదు. అది తేమను పీల్చి కరగడమే కాక పక్కనున్న పట్టాలను తినేస్తుంది. ముగ్గుపిండిని జిగురుతో కలిపి పోస్తే కుప్ప తెల్లగానే ఉంటుంది. ఇక వెనుక కనిపించే తూర్పు కనుమల మాట: 1501 మీటర్ల మహేంద్రగిరి ఈ స్కేలులో 17 మీటర్లు, అంటే అయిదంతస్తుల మేడంత అవుతుంది. అందువల్ల కొండలను కట్టరు. వెనుక తెర మీద, దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడే నీలిలో, గీస్తారు.

బండిని నడిపేది 12 వోల్టుల విద్యుత్తు. ఒక పట్టా నుంచి వచ్చిన విద్యుత్తు ఇంజన్ చక్రాల ద్వారా మోటారును తిప్పి రెండో పట్టాలోకి పోతుంది; ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలంటే ప్రతి ఇంజన్‌లో ఒక చిప్పును పెట్టి దానికి సంకేతాలు పంపే డిజిటల్ పద్ధతి ఉంది గాని, రెండు బళ్ళకు మించని చిన్న లైనుకు అది తప్పనిసరి కాదు. ఇంజన్ ఒంటిని పల్చని ఇత్తడి రేకులకు టంకం పెట్టి గాని, త్రీడీ ప్రింటింగ్‌లో గాని తయారుచేస్తారు. కంచు, ఇత్తడి పాత్రలకు పేరొందిన బూడితి ఈ లైనుకు ఎంతో దూరంలో లేదు. అక్కడి పోత, సుత్తి పనితనానికీ ఈ సన్న రేకుల పనికీ పద్ధతిలో పోలిక లేకపోయినా, ఇత్తడి గుణం తెలిసిన చేతులు ఈ జిల్లాకు కొత్తకావు.

ఈ తీరంలో అసలు శత్రువు గాలిలోని తేమ. మామూలు ప్లైవుడ్ ఒక్క వర్షాకాలంలో ఉబ్బి పట్టాల అతుకులను ఎత్తేస్తుంది, మిగిలినదాన్ని చెదలు చూసుకుంటాయి. కనుక పునాది పలకకు మెరైన్ ప్లైని వాడి, అడుగు భాగానికి కూడా రంగు వేయాలి. నికెల్ సిల్వర్ అనే మిశ్రలోహంతో చేసే పట్టాల్లో పేరుకే వెండి. ఉన్నవి రాగి, నికెల్, జింకు. ఉప్పుగాలికి దాని మీద పొర కడుతుంది, తక్కువ చక్రాలున్న చిన్న ఇంజన్ ఆ పొర దగ్గర ఆగిపోతుంది. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవడం రోజూ చేయాల్సిన సేవ. ఎండాకాలంలో పట్టాలు సాగుతాయి కనుక అతుకుల మధ్య కాగితం మందం సందు వదలాలి.

ప్రదర్శన వేరే విద్య. తెలుగు ఇళ్ళలో సంక్రాంతికి, కొన్ని చోట్ల దసరాకు, మెట్లు కట్టి బొమ్మలకొలువు పెట్టి ఇరుగుపొరుగును పిలిచే ఆచారం ఉంది గనుక, చిన్న ప్రపంచాన్ని పేర్చి పదిమందికి చూపడంలోని ఆనందం ఇక్కడివారికి కొత్త కాదు. కొలువులో బొమ్మలు నిలిచి ఉంటాయి, ఇక్కడ బండి కదలాలి, అదే తేడా. దేశంలో ఈ కళకు శాశ్వత వేదికగా పుణేలోని జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం పేరు పొందింది. శ్రీకాకుళం, విజయనగరాల్లోని పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు తీసుకుపోదగిన నమూనా మాత్రం 60 సెంటీమీటర్ల రెండు ముక్కలుగా విడిపోయి ఆటోలో పట్టాలి; రెండు ముక్కల పట్టాలు ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవడానికి ఇత్తడి చీలలు బిగించాలి; పిల్లలకు అందేంత కిందికీ పెద్దలు నడుము వంచేంత కిందికీ కాకుండా సుమారు మీటరు ఎత్తున నిలవాలి.

ప్రదర్శనలో ఎక్కువమంది చేసే తప్పు వేగం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న రైలు ఈ స్కేలులో సెకనుకు 10 సెంటీమీటర్లయినా దాటదు. 120 సెంటీమీటర్ల బల్లను అది దాటడానికి 12 సెకన్లకు పైగా పట్టాలి. స్టేషనులో బండి ఆగాలి, ఇంజన్ విడిపోవాలి, లూపు మీదుగా చుట్టి వచ్చి అవతలి చివర తగులుకోవాలి, గార్డు పచ్చజెండా ఊపేంత సేపు నిలవాలి. ఈ ఆగడాన్ని భరించలేక బండిని పరుగెత్తించే నిర్వాహకుడి ముందు జనం రెండు నిమిషాలే నిలుస్తారు. నిదానంగా నడిపేవాడి దగ్గర టెక్కలి నుంచి కాలేజీకి ఆ రైల్లో వెళ్ళిన వయసువారు చేతులు కట్టుకుని నిలబడి, ఇంజన్ రంగు గురించో స్టేషను పెంకుల గురించో తప్పులు దిద్దడం మొదలుపెడతారు. కూత వినబడకపోయినా బండి బయలుదేరుతుంది, చుట్టిళ్ళ పక్కనుంచి, తాడిచెట్ల మధ్య నుంచి, కొండలు గీసిన తెరలోని చిన్న కంతలోకి దూరుతుంది. ఆ తెర వెనుక, చూపరులకు కనబడకుండా, బళ్ళు దాచుకునే మూడు పట్టాల చిన్న యార్డు ఉంటుంది. ఆ ప్రదర్శనకు పర్లాకిమిడీ అదే, గుణుపురమూ అదే.