ఎడమ అంచున ఆడినవాడు

పిల్లలూ! నేను గోదావరిఖనిలో ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం మా బడి పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఎడమ అంచున ఆడమన్నందుకు ఒక కుర్రవాడు అలిగి మైదానం పక్కన కూర్చున్నాడు.

"అక్కడుంటే గోలు కొట్టటానికి వీలుండదు, సార్! పేరంతా నడుమ ఆడేవాడికే వస్తుంది," అన్నాడు వాడు.

అప్పుడు నేను వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో 1936 లో తులసీదాస్ బలరాం పుట్టాడు. వాళ్ళది బీద కుటుంబం. బూట్లు కొనే శక్తి లేక బలరాం, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో తనకు బూట్లు కుట్టించుకున్నాడు.

ఆ రోజుల్లో హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన ఉండేవాడు. ఆయన వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. బలరాం ఆట చూసి రహీం ముచ్చటపడి, సాధనకు రమ్మన్నాడు. అంత దూరం రోజూ రావటానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేదని తెలిసి, సైకిలు అద్దెకు తానే డబ్బు ఇచ్చాడు.

ఆ సైకిలు వృథా పోలేదు. 1956 లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. ఆ జట్టు సెమీఫైనలు చేరి నాలుగో స్థానం పొందింది. ఒక ఆసియా దేశం అంత దూరం వెళ్ళటం అదే మొదలు. తరవాత బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరి, 1961 లో దానికి నాయకుడయ్యాడు. 1960 లో రోము ఒలింపిక్సులో బలమైన హంగరీ జట్టు మీద గోలు కొట్టాడు. పెరూ మీద మరొకటి కొట్టాడు.

ఇంతకూ అంచున ఆడేవాడి పని ఏమిటి? ఆ రోజుల్లో ముందు వరసలో 5 గురు ఆడేవారు. ఇద్దరు రెండు అంచుల్లో, ముగ్గురు నడుమ. అంచున ఉన్నవాడు బంతి తీసుకుని గీత వెంబడి పరిగెత్తితే, ఎదుటి జట్టువాడు అతణ్ణి ఆపటానికి పక్కకు రాక తప్పదు. అంచేత నడుమ చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు బంతిని గోలు ముందుకు కొడితే, నడుమ ఉన్నవాడు దాన్ని లోపలికి పంపుతాడు. అంటే, అంచున ఉన్నవాడు మరొకడి కోసం దారి చేస్తాడన్నమాట.

బలరాం ముందు వరసలో ఏ చోటైనా ఆడగలడు. అయినా 1962 లో జకార్తా ఆసియా క్రీడల్లో రహీం అతణ్ణి ఎడమ అంచున నిలిపాడు. సెప్టెంబరు 4 న దక్షిణ కొరియాతో ఫైనలు జరిగింది. మన ప్రతినిధి ఒకాయన అన్న మాటలకు కోపగించి, చూడవచ్చిన జనం మన జట్టును ఎగతాళి చేశారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ ముందు వరసలో ఆడాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. మనవాళ్ళు 2–1 తో గెలిచారు. గోలు కొట్టినవారిలో బలరాం పేరు లేదు. కాని బంగారు పతకం అతనికీ దక్కింది.

మరుసటి ఏడు జూన్‌లో రహీం కాన్సరుతో చనిపోయాడు. ఆ రోజుల్లోనే బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. 27 ఏళ్ళకే అతను ఆట మానవలసి వచ్చింది. పరుగే వృత్తి అయినవాడికి ఊపిరి చాలకపోవటం ఎంత కష్టమో, బొగ్గు గనుల ఊళ్ళో పెరిగే పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. బలరాం కలకత్తా దగ్గర ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో 86 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

కథ విని మా కుర్రవాడు లేచి, నిక్కరుకు అంటిన దుమ్ము దులుపుకుని, ఎడమ అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ సాయంత్రం వాడు గోలు కొట్టలేదు. కాని వాడు అందించిన బంతితో నడుమ ఆడేవాడు రెండు కొట్టాడు. ఇంటికి పోయేటప్పుడు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వెళ్ళారు.