నీళ్లు మార్చగానే చేపలు ఎందుకు చస్తాయి?

ఇంటి అక్వేరియంలో పొరపాటున పడేవి చాలానే ఉంటాయి: పిల్లలు బోర్లించిన మేత డబ్బా, చేతికంటిన సబ్బు, దోమల మందు తుంపర. దోమల మందుల్లోని పైరెథ్రాయిడ్లు మనుషులకు ఏమీ కాని మోతాదులోనే చేపల్ని చంపేస్తాయి. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి వదులుతుంది కాబట్టి తొట్టెకు మూత ఒక్కటే చాలదు. ఇలాంటి విషాల్ని ఉత్తేజిత బొగ్గు చాలావరకు పట్టేస్తుంది. అసలు తమాషా మేత డబ్బా బోర్లాపడిన తొట్టెలో ఉంది. అందులో బతికి బయటపడ్డ చేపలు, ఆ తర్వాత శుభ్రమైన నీళ్లు పోయగానే చస్తాయి.

దీని మూలం తొట్టెలో మొదట్నుంచీ పోసే నీళ్లలో ఉంది. హిందూపురం చుట్టుపక్కల బోరు నీళ్లను జనం ఉప్పునీళ్లంటారు. సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. పైగా పాత అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ భయం ఒకటి. అందుకే తాగడానికి ఆర్‌ఓ ప్లాంటు క్యాన్లు తెప్పించుకుంటారు, చేపలకూ అవే పోస్తారు. ప్రేమతో చేసే తప్పు ఇది.

చేప మొప్పల గుండా అమ్మోనియాను వదులుతుంది. ఫిల్టరు స్పాంజికి పట్టిన జిగురులోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తుంది. ఈ పనిలో ఆమ్లం పుడుతుంది. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని మింగేస్తాయి. ఆర్‌ఓ నీళ్లలో అవి లేనట్టే లెక్క. దాంతో నెలలు గడిచేకొద్దీ పీహెచ్ 6 దాకా దిగుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు హాయిగా ఈదుతుంటాయి!

కారణం, అమ్మోనియాకు రెండు రూపాలు. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం మొప్పల పొరను దాటలేక బయటే ఉండిపోతుంది. ఆవేశం లేని అమ్మోనియా సులువుగా లోపలికి జారుకుంటుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 6 ఉంటే ఈ రెండో రూపం వాటా 0.06 శాతం లోపే. పీహెచ్ 7 వద్ద 0.6 శాతం, 8 వద్ద 5 శాతం పైన, 9 వద్ద మూడో వంతు దాటుతుంది.

ఇప్పుడు మేత డబ్బా పడింది. నీళ్లు పాలలా తెల్లబడి వాసన కొట్టాయి. సగం తోడేసి, చేతికందిన బోరు నీళ్లు పోశారు. పీహెచ్ 8కి చేరితే విషరూపం వాటా తొంభై రెట్లు పైబడుతుంది. సగం అమ్మోనియా తోడిన నీళ్లతో పోయింది కదా అనుకున్నా, మిగిలినదానిలోని విషం మునుపటికి నలభై అయిదు రెట్లు. నింద మాత్రం బోరు మీద పడుతుంది.

ఫిల్టరులోని ఆ బ్యాక్టీరియా ఎవరన్న విషయంలో పండితులూ పప్పులో కాలేశారు. 1890 ప్రాంతంలో శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ మట్టి నుంచి వేరుచేసిన నైట్రోబాక్టరే అక్వేరియంలోనూ నైట్రైటును తింటుందని పుస్తకాలు వందేళ్లు వల్లెవేశాయి. 1998లో హొవానెక్ అనే పరిశోధకుడి బృందం జన్యువులు వెతికితే, మంచినీటి తొట్టెల్లో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2015లో ఇంకో దెబ్బ: అమ్మోనియా నుంచి నైట్రేటు దాకా పనంతా ఒంటిచేత్తో ముగించే నైట్రోస్పైరా రకాలు దొరికాయి. వాటిలో కొన్ని చేపల పెంపకపు ఫిల్టరులోనివే! ఈ పనికి రెండు రకాల బ్యాక్టీరియా తప్పనిసరన్న పాఠం అక్కడితో చెల్లిపోయింది.

ఇక చేయాల్సింది కొంచెమే. మేతను వలతో తీసేసి, కొన్నాళ్లు కొత్త మేత ఆపాలి. నీళ్లను ఒకేసారి సగం కాకుండా పదో వంతు చొప్పున, పీహెచ్ చూసుకుంటూ మార్చాలి. కంగారులో స్పాంజిని కొళాయి కింద కడిగే అలవాటు మాత్రం విసుగు పుట్టిస్తుంది. సరఫరా నీళ్లలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణమే చెబుతోంది. చేపల్ని కాపాడే బ్యాక్టీరియాను ఆ క్లోరిన్ చంపుతుంది. హైపో, అంటే ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన సోడియం థయోసల్ఫేటు, క్లోరిన్‌ను విరిచేస్తుంది. అది దొరకకపోయినా స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండితే చాలు.