ఇంటి కింది పార్కింగ్: షట్టర్ కొనేముందు చూడాల్సింది మెట్ల దారి

2023 నవంబరు 13 ఉదయం హైదరాబాద్ నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింది భాగంలో మంటలు లేచాయి. అక్కడ రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉన్నాయి. కారు మరమ్మతు చేస్తుండగా ఎగసిన నిప్పురవ్వలే కారణమై ఉండొచ్చని అధికారులు అప్పట్లో చెప్పారు. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వారు ఉన్నది మంట పుట్టిన చోట కాదు, పై అంతస్తుల్లో. అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన పొగ మెట్ల గుండా పైనున్న లాడ్జిలోకి చేరింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి.

ఆ రెండు చోట్లా కింద వ్యాపారం నడిచేది కాబట్టి మామూలు ఇంటికి ఆ ముప్పు లేదనుకుంటాం. కానీ అమరిక ఒకటే: కింద బండ్లు, పక్కన మెట్లు, పైన మనుషులు. కూకట్‌పల్లిలోనైనా విజయవాడ పటమటలోనైనా కిందంతా పార్కింగ్‌కు వదిలి పైన రెండంతస్తులు వేసుకున్న ఇంట్లో మెట్లు మొదలయ్యేది కారు పక్క నుంచే. వాటి కింద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో సగం మిగిలిన పెయింటు డబ్బాలు, పాత పరుపు, ఇన్వర్టర్ బ్యాటరీ, నిరుడు కాల్చగా మిగిలిన టపాసులు చేరతాయి. ఇప్పుడు స్కూటర్ చార్జర్ కూడా.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో గ్యారేజీ ఇంటికి అంటుకునే ఉంటుంది. అయితే చాలా రాష్ట్రాలు అనుసరించే నివాస భవన నియమావళి ప్రకారం గ్యారేజీకీ ఇంటికీ మధ్య కనీసం అరంగుళం మందం జిప్సం బోర్డు ఉండాలి. గ్యారేజీ నుంచి నేరుగా పడకగదిలోకి తలుపు ఉండకూడదు. మన ఇళ్లలో ఆ అడ్డుగోడ పనిచేసేదేమీ లేదు. తెరిచి ఉన్న మెట్లే పొగగొట్టం అవుతాయి. అందుకే పార్కింగ్‌ను సర్దుకోవడం, దానికి తలుపు ఎంచుకోవడం అందానికీ దొంగల భయానికీ సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఇంట్లోవాళ్లు బయటపడే దారి కూడా అదే.

గాలి ఎటు పోతుంది?

తలుపు సంగతికి ముందు ఒక చిన్న భౌతికశాస్త్రం. పెట్రోలు ఆవిరి, వంటగ్యాసు గాలికంటే బరువైనవి. కారితే నేలనంటి పాకుతాయి, సెల్లార్ లాంటి పల్లంలో నిలుస్తాయి. ఇన్వర్టర్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ తేలిక, పైకప్పు కింద చేరుతుంది. కాబట్టి గాలికి దారి కిందా ఉండాలి, పైనా ఉండాలి. కింద నుంచి మీద దాకా కంత లేకుండా మూసేసే రేకు షట్టర్ రెండు దారులనూ ఆపేస్తుంది. షట్టర్ దించి కారు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు.

షట్టరే కావాలనుకుంటే కింద, పైన కొన్ని వరసలు చిల్లులున్న రేకులు వేయించుకోవచ్చు. లేదా పూర్తిగా కడ్డీలతో చుట్టుకునే రోలింగ్ గ్రిల్ దొరుకుతుంది. దుమ్ము వస్తుందని చాలామంది వద్దంటారు. దుమ్ము తుడుచుకోవచ్చు.

ఏ తలుపు?

రోలింగ్ షట్టర్‌లో సన్నటి ఉక్కు రేకులు పైనున్న పైపుకు చుట్టుకుంటాయి. ఆ పైపు మీది స్ప్రింగులు రేకుల బరువును మోస్తాయి. దించినప్పుడు బిగుసుకుని, ఎత్తేటప్పుడు సాయం చేస్తాయి. షట్టర్ రోజురోజుకూ బరువెక్కుతోందంటే స్ప్రింగు అలసిపోయిందన్నమాట. నూనె వేసి సరిపెట్టకూడదు, సొంతంగా విప్పనూ కూడదు. బిగిసి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదులైతే చెయ్యి విరుగుతుంది.

చేత్తో ఎత్తే రకం బాల్ బేరింగులు ఉన్నా 12 చదరపు మీటర్ల వరకే తగినదని కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు చెబుతాయి. ఒక కారుకు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుంటే ఏడున్నర చదరపు మీటర్లు, ఇబ్బంది లేదు. రెండు కార్లకు 18 అడుగులు పెడితే 13 దాటుతుంది. అక్కడ గేరో మోటారో తప్పదు. దుకాణదారు 'లాగితే వస్తుంది సార్' అన్నా ఒప్పుకోవద్దు.

మోటారు పెట్టిస్తే రెండు ప్రశ్నలు అడగాలి. కరెంటు పోతే లోపలి నుంచి చేత్తో ఎత్తే గొలుసు ఉందా? కింద పిల్లాడో కుక్కపిల్లో అడ్డొస్తే ఆగి వెనక్కి పోతుందా? అమెరికాలో 1993 జనవరి నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజీ మోటార్లకు ఈ రెండో ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దగ్గర అడిగినవాళ్లకే అమరుస్తారు, అడగాల్సిందే.

స్లైడింగ్ గేటు ఇరుకు సందుల్లో మేలు. కాకపోతే పట్టా చివర స్టాపర్, పైన నిలబెట్టే గైడు లేకపోతే గేటు పట్టా దాటి మనిషి మీద పడుతుంది. రోడ్డు మీదికి తెరుచుకునే రెక్కల గేటు ఎదుటివాళ్లతో తగవు తెస్తుంది. లోపలికి తెరుచుకోవాలంటే కారు ముందు ఆ మేరకు చోటు వదలాలి. 2006 నుంచి పన్ను తక్కువని మన చిన్న కార్లు నాలుగు మీటర్లలోపే తయారవుతున్నాయి. పెద్ద కారు కొంటే అడుగు పైనే పెరుగుతుంది, గేటు ఇక మూతపడదు.

ఇన్ని చూశాక, చాలా ఇళ్లకు కడ్డీల గేటే సరైనదనిపిస్తుంది. దాంట్లోనే మనిషి పట్టేంత చిన్న తలుపు, లోపల తాళంచెవి అక్కర్లేని గడియ ఉంటే చాలు.

ఏది ఎక్కడ?

మెట్ల కింద ఏమీ ఉండకూడదు. ఇది ఒక్కటి పాటిస్తే సగం పని అయినట్టే. పెట్రోలు డబ్బా, థిన్నర్, టపాసులు అసలు ఇంటి కింద వద్దు.

స్కూటర్ చార్జింగ్ పాయింటు మెట్లకు దూరంగా, గేటు వైపు ఉండాలి. ఎర్త్ ఉన్న సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారాకే చార్జింగ్‌కు పెట్టాలి. 2022లో వరసగా స్కూటర్లు తగలబడ్డాక కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొన్న బండి అయితే రాత్రంతా చార్జింగ్‌లో వదిలేయకపోవడం మంచిది.

వరద సంగతి మరవకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ల కింది అంతస్తులు నీళ్లలో మునిగాయి. ఇన్వర్టర్, స్విచ్‌బోర్డు, షట్టర్ మోటారు మీటను నడుము ఎత్తుకు పైనే బిగించాలి. మిగతా సామానుకు గోడకు ఇనుప ర్యాకులు చాలు, బరువైనవి కింది అరలో.

అన్నీ అయ్యాక ఒక రాత్రి మెయిన్ ఆఫ్ చేసి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పై అంతస్తు నుంచి దిగి లోపలి నుంచి గేటు తీయమనాలి. టార్చి ఇవ్వకూడదు, పక్కన మాత్రం ఒకరుండాలి. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మార్పు చేయించాలి.