పాత స్వెట్టరే చెవులకు రక్ష
చలి టోపీలు, మఫ్లర్లు ఇంట్లోనే కుట్టుకోవచ్చు

చింతపల్లి: పుష్యమాసం వచ్చిందంటే మన్యంలో తెల్లవారుజామున గడప దాటడానికి ధైర్యం కావాలి. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి ‘కొర్రబయలు’ అని మరో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. మంచు చూడటానికి వచ్చే పర్యాటకులు ఒకటి రెండు రోజులుండి వెళ్ళిపోతారు. కాఫీ పండ్లు కోసే కూలీలకు, పశువులు తోలే ముసలివారికి, బడికి నడిచే పిల్లలకు మాత్రం ఈ చలి సంక్రాంతి దాటేవరకూ తప్పదు.

ఒంటికి దుప్పటి కప్పుకున్నా చెవులకు, మెడకు, చేతులకు ఆచ్ఛాదన ఉండదు. ఇంటిల్లిపాదికీ టోపీలు, మఫ్లర్లు కొనాలంటే కూలినాలి చేసుకునే వారికి భారమే. అయితే మూలపడిన పాత స్వెట్టరు ఒకటి, సూదీదారం ఉంటే చాలు, ఆ ఖర్చు తప్పించుకోవచ్చు.

టోపీ కుట్టే విధానం

ముందుగా నుదుటి చుట్టూ టేపు పెట్టి కొలవాలి. 22 అంగుళాలు వస్తే, స్వెట్టరు సాగుతుంది కనుక 20 అంగుళాలు సరిపోతుంది. అందులో సగం 10. కుట్టుకు అటూ ఇటూ అర అంగుళం చొప్పున కలిపి 11 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తున రెండు ముక్కలు గీసుకోవాలి. పైభాగం గుండ్రంగా ఉండాలి. స్వెట్టరు కింది పట్టీయే టోపీ అంచుగా వచ్చేలా చూసుకుంటే మళ్ళీ మడిచి కుట్టే పని ఉండదు.

నేరుగా కత్తెర పెడితే అల్లిక ఊడిపోతుంది. గీతకు లోపలగా దగ్గర దగ్గరగా రెండు వరుసలు కుట్టి, తర్వాతే కత్తిరించాలి. రెండు ముక్కల మంచివైపులు లోపలికి పెట్టి చుట్టూ కుట్టి తిరగేస్తే టోపీ తయారు. మిగిలిన చేతులనూ పారేయనక్కరలేదు. మణికట్టు పట్టీ నుంచి ఆరేడు అంగుళాలు అదే పద్ధతిలో కత్తిరించి, బొటనవేలు పట్టేంత కుట్టు విప్పితే చేతి తొడుగులవుతాయి.

మఫ్లరుకు 36 అంగుళాల పన్నా ఉన్న ఫ్లానెల్ గుడ్డ మీటరున్నర తీసుకోవాలి. ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టకపోతే తర్వాత కుంచించుకుపోతుంది. నిలువునా 18 అంగుళాల చొప్పున రెండుగా చీల్చి, ఒక్కొక్కటి మడిచి కుట్టాలి. చెయ్యి దూరేంత సందు వదిలి, అందులోంచి తిరగేసి, ఆ సందు చేత్తో మూసేయాలి. ఇద్దరికి రెండు మఫ్లర్లు వస్తాయి.

చలిమంట దగ్గర జాగ్రత్త

గుడ్డ ఏ రకమో తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఒక పోగు లాగి, పొయ్యి దగ్గర పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలితే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే నైలాను, పాలిస్టరు వంటి నూలు. ఇటువంటివి అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుపోతాయి, గాయం లోతుగా పడుతుంది. ఫ్లానెల్ కరగదు గాని, దాని నూగుకు మంట ఇట్టే అంటుకుంటుంది. అందువల్ల ఏ మఫ్లరైనా చలిమంట దగ్గర కొసలు వేలాడనీయకుండా చొక్కాలో దోపుకోవాలి. మోటారుసైకిలు మీద వెళ్ళేటప్పుడూ అంతే. కొస చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

పసిపిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది. వెచ్చదనం అక్కడినుంచే ఎక్కువగా పోతుంది. వారికి మెత్తటి టోపీ అవసరం. దానికి కట్టుతాళ్ళు, గుండీలు పెట్టరాదు. నిద్రలో ముక్కు మీదికి జారేంత వదులుగా ఉండరాదు.

మిషను లేకపోయినా చేతికుట్టుతో ఒక పూటలో టోపీ పూర్తవుతుంది. పెట్టెలో చిమటలు తినే స్వెట్టరు బడికెళ్ళే పిల్లవాడి చెవులు కాపాడితే, అంతకన్నా దానికి సార్థకత ఏముంటుంది?