లేని రైలుకు ఇంజను

రైలింజను కంటే దాని బొమ్మే ముందు పుట్టింది. 1784లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం మర్డాక్ అనే మెకానిక్కు బల్ల మీద పట్టేంత మూడు చక్రాల ఆవిరి బండి చేసి నడిపించాడు. కింద స్పిరిట్ దీపం, పైన బుల్లి బాయిలరు. సుమారు 1797 ప్రాంతంలో అదే కార్న్‌వాల్‌లో రిచర్డ్ ట్రెవితిక్ ఇంకా మెరుగైన నమూనాలు చేశాడు. వాటిలో నేర్చుకున్నది పెద్ద ఇంజనులో పెట్టి, 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్‌లో పది టన్నుల ఇనుమునూ డెబ్బై మంది మనుషులనూ పట్టాల మీద లాగించాడు. ఇంజను బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగాయి గానీ, రైలు యుగం మొదలైపోయింది.

ఆ తరవాత వ్యవహారం తిరగబడింది. పెద్ద ఇంజన్లను చూసి చిన్నవి చేయడం మొదలైంది. మొదట పిల్లల ఆటవస్తువులుగా, ఆపైన పెద్దల వ్యసనంగా. ఈ వ్యసనంలో ఒక ప్రత్యేకమైన శాఖ ఉంది. ఫలానా నంబరు ఇంజనుకు నకలు తీయకుండా, చేతికందిన మోటారు, మిగిలిపోయిన చక్రాలు, పాడైన బొమ్మలోని గేర్లు కూర్చి, ప్రపంచంలో ఎక్కడా లేని ఇంజనును సొంతంగా రూపొందించడం. దాన్ని ఫ్రీలాన్స్ మోడల్ అంటారు.

కొలత కుదిరాకే విడిభాగం

విడిభాగాలతో ఇంజను చేయాలంటే ఒకరి చక్రం ఇంకొకరి పట్టా మీద నిలబడాలి. ఆ వీలు కల్పించిన ఘనత జర్మనీలోని మార్క్లిన్ కంపెనీది. 1859లో గోపింగెన్ పట్టణంలో బొమ్మరిళ్లకు వంటపాత్రలు చేస్తూ మొదలైన ఆ కంపెనీ, 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీత గేజిల (రెండు పట్టాల మధ్య దూరం) పట్టాలు, వాటికి సరిపోయే బండ్లు పెట్టింది. పట్టాలు విడిగా కొనుక్కోవచ్చు, దారి పొడిగించుకోవచ్చు. 1901లో ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ, తరవాత మెకానోగా పేరు మోసిన విడిభాగాల సెట్టుకు పేటెంటు తీసుకున్నాడు. అన్ని ముక్కలకూ ఒకే దూరంలో రంధ్రాలు ఉండటమే అందులోని కిటుకు. 1920లో ఆయన కంపెనీ రైళ్లూ తెచ్చింది. అప్పటి ఓ గేజి 32 మిల్లీమీటర్లు. ఇళ్లు ఇరుకవుతున్న కొద్దీ దాన్ని దాదాపు సగం చేసి 16.5 మిల్లీమీటర్ల హెచ్‌ఓ గేజి పుట్టింది. దాని నిష్పత్తి 1:87. 1935లో అమెరికాలో మోడల్ రైల్‌రోడ్ సంఘం ఏర్పడి చక్రాలకూ పట్టాలకూ ఉమ్మడి ప్రమాణాలు రాసింది.

ప్రమాణాలు వచ్చాక ఊహకు రెక్కలొచ్చాయి. ఇంగ్లండులో జాన్ అహెర్న్ 'మ్యాడర్ వ్యాలీ' అనే ఊహా రైల్వేను నిర్మించాడు. దుకాణంలో కొన్న ఇంజన్లకు కోతలు, అతుకులు వేసి తన లోయకు తగ్గట్టు మార్చుకున్నాడు. అది ఇప్పటికీ పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అయితే తన రైల్వేలో షంటింగు పనికి ఎమ్మా అనే బుల్లి డైనోసారును కూడా పెట్టాడు! చూసినవాళ్లు నవ్వినా, మిగతా రైల్వే అంతా నమ్మకంగా ఉండటం వల్ల ఆ డైనోసారు కూడా చెల్లిపోయింది.

మన దేశంలో ఈ కళకు ఇంకో కారణం తోడైంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికే పట్టా 16.5. కాబట్టి భారతీయ ఇంజనును ఎంత నిష్ఠగా చేసినా పై పెట్టె సరిగ్గా ఉండి, చక్రాలు మాత్రం లోపలికి ముడుచుకుంటాయి. అంటే మన మోడలర్ ఇష్టం ఉన్నా లేకున్నా సగం ఫ్రీలాన్సరే. నేరోగేజిలో మాత్రం అదృష్టం కలిసొస్తుంది. 1900లో శ్రీకాకుళం వైపు నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన లైను గేజి 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 8.8. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు పట్టా 9 మిల్లీమీటర్లు. ఒక ఎన్ స్కేలు బొమ్మ అడుగుభాగం మీద హెచ్‌ఓ కొలతల పెట్టె పెడితే నేరోగేజి ఇంజను తయారు.

సరుకు ముందు, ఇంజను తరవాత

సంగారెడ్డి పట్టణానికి రైలు లేదు. సికింద్రాబాదు నుంచి వాడి జంక్షనుకు 1874లో వేసిన లైను లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా దక్షిణంగా తప్పుకుపోయింది. తెల్లాపూర్ నుంచి రామచంద్రపురం వైపు ఒక చిన్న పాయ మాత్రం వచ్చింది. సరిగ్గా ఇలాంటి ఖాళీయే ఫ్రీలాన్సరుకు కావాలి. పటాన్‌చెరు నుంచి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డికి హైవే పక్కనే ఒక లైను ఉందనుకోండి. దానికి ఇంజను ఎలా ఉండాలి?

ఆకారం గీయడంతో మొదలుపెట్టేవాడు దెబ్బతింటాడు. సరుకుతో మొదలుపెట్టాలి. రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్‌లో టర్బైన్లు, కంప్రెసర్లు. పటాన్‌చెరు ప్రాంతంలోని పెన్నార్ ఇండస్ట్రీస్‌లో ఉక్కు రేకులు, రైల్వే వ్యాగన్ల భాగాలు. రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్లు. ఇంకా ముందుకు పోతే సదాశివపేటలో టైర్లు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు. అన్నీ బరువైనవే, దేనికీ తొందర లేదు. అడుగడుగునా ఫ్యాక్టరీ గేట్లు, వాటిలోకి మెలికలు తిరిగే సైడింగులు. కాబట్టి ఈ ఇంజను పొట్టిగా, నాలుగు చక్రాలతో, నెమ్మదిగా, బలంగా ఉండాలి.

పొట్టిదనానికి లెక్క కూడా ఉంది. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. 1:87లో అది 2 మీటర్లు. అంటే ఒక్క చుట్టు తిరగడానికి నాలుగు మీటర్ల గది కావాలి. బజారు పట్టాలో సాధారణ మలుపు అర మీటరు కూడా ఉండదు. పొడవాటి ఆరు ఇరుసుల ఇంజను అక్కడ ఇరుక్కుంటుంది. పొట్టి షంటరు తిరిగిపోతుంది.

గేరు లెక్క

ఇప్పుడు బల్ల మీదికి వద్దాం. మన షంటరుకు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను చక్రం కొలతే తీసుకుందాం, దాని వ్యాసం 1092 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే దాదాపు 12.5. ఒక్క చుట్టుకు ఆ చక్రం 39 మిల్లీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే చిన్న మోటారును నేరుగా చక్రానికి తగిలిస్తే, స్కేలులో ఇంజను వేగం గంటకు దాదాపు 2,450 కిలోమీటర్లు. ధ్వని వేగానికి సుమారు రెట్టింపు! కదలనైనా కదలదు, కదిలితే గోడకు తగులుతుంది. అదే మోటారుకు 60:1 గేరు పెడితే చక్రం నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది, స్కేలు వేగం గంటకు 41 కిలోమీటర్లకు దిగుతుంది. సైడింగులకు అది పైవేగం, మామూలుగా అందులో సగం చాలు.

ఈ గేరు కోసం పెద్దగా వెతకనక్కరలేదు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఎన్20 అనే గేరు మోటారు దొరుకుతుంది. వెడల్పు 12 మిల్లీమీటర్లు, ఎత్తు 10. పన్నెండు వోల్టులకు 200 చుట్ల రకం అడిగి తీసుకోవాలి. మోటారు ఇంజను పొడవునా కూర్చుంటుంది, చక్రాల ఇరుసు అడ్డంగా ఉంటుంది. రెండింటినీ కలపడానికి పాడైన బొమ్మ కారులోని క్రౌన్ గేరు పనికొస్తుంది. ఇరుసుకు పాత డీవీడీ డ్రైవును విప్పండి. లేజరు కన్ను జారే నున్నటి ఉక్కు కడ్డీ అందులో ఉంటుంది. అంత నిక్కచ్చిగా సానబట్టిన కడ్డీని చిన్న వర్క్‌షాపులో చేయించాలంటే చాలా కష్టం.

చక్రాలు తిప్పడానికి పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో లేత్ మెషీన్ల కొరత లేదు. టర్నరుకు రెండే మాటలు గట్టిగా చెప్పాలి. చక్రాల వెనక ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు, అది ఇరుసు ఇరుసుకూ మారకూడదు. మారితే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర బండి పడిపోతుంది. రెండోది, ఒక వైపు చక్రానికీ ఇరుసుకూ మధ్య ప్లాస్టిక్ బుష్ ఉండాలి. కరెంటు ఒక పట్టా నుంచి ఎక్కి, మోటారు గుండా రెండో పట్టాలోకి దిగుతుంది. బుష్ లేకపోతే ఇరుసే తీగె అయి, పట్టాలు రెండూ షార్టయిపోతాయి.

బరువు

చిన్నది చేసేటప్పుడు అన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవి కావు. పొడవు 87 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 87ను మూడుసార్లు గుణించినంత, అంటే 6,58,503 రెట్లు తగ్గుతుంది. 112.8 టన్నుల డబ్ల్యూడీఎం-2 అచ్చంగా తగ్గిపోతే 171 గ్రాములే ఉంటుంది. 30 టన్నుల షంటరు 46 గ్రాములు. ఆ 46 గ్రాములు చక్రాన్ని పట్టాకు గట్టిగా అదమలేవు. కాస్త దుమ్ము అడ్డొస్తే కరెంటు తెగి ఇంజను ఆగిపోతుంది. పట్టు కూడా ఉండదు. లోహపు చక్రం లోహపు పట్టా మీద తన బరువులో దాదాపు ఐదో వంతు మాత్రమే లాగగలదు. 171 గ్రాముల ఇంజనుకు 34 గ్రాముల లాగుడు. నిజమైన ఇంజన్లు పట్టా మీద ఇసుక చల్లి పట్టు పెంచుకుంటాయి, మోడలు చక్రానికి సన్నని రబ్బరు వలయం తొడుగుతారు. దానికి తోడు ఇంజను కడుపులో ఇనుప, ఇత్తడి ముక్కలు నింపుతారు, ఇరుసుల మధ్య సమంగా పడేటట్టు.

ఇంకో చిక్కు జడత్వం. నిజమైన గూడ్సు బండి పవరు ఆపినా చాలా దూరం దొర్లుతుంది. మోడలు ఉన్నచోటే ఆగిపోతుంది. వార్మ్ గేరు వాడితే మరీ ఘోరం, ఎందుకంటే చక్రం నుంచి వెనక్కి తిప్పితే అది తిరగదు. అందుకే మోటారు షాఫ్టుకు చిన్న ఫ్లైవీల్ బిగిస్తారు. పట్టా మీది దుమ్ము దాటేంత ఊపు దాంట్లో ఉంటుంది.

ఈ లెక్కల్లో ఏ ఒక్కటీ కొన్న బొమ్మ నేర్పదు. అందులో ఇవన్నీ ఎవరో ముందే తేల్చిపెట్టి ఉంటారు. విడిభాగాలతో చేసినప్పుడు ప్రతి ముక్కా ఒక ప్రశ్న అడుగుతుంది. ఊహ ఎటైనా పోవచ్చు, ఇరుసు మాత్రం లెక్క ప్రకారమే తిరుగుతుంది.

అసలు ఇంజన్లదీ ఇదే దారి

ఇది బొమ్మలకే పరిమితం కాదు. 2018లో వారణాసి ఇంజన్ల కర్మాగారం పాత డీజిల్ ఇంజన్లు రెండింటిని మార్చి, జంటగా 10,000 అశ్వశక్తి గల విద్యుత్ ఇంజనును తయారుచేసింది. అదే ఏడాది బయటికొచ్చిన తొలి వందే భారత్‌కు విద్యుత్ చోదక వ్యవస్థ హైదరాబాదు కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్‌ది. 2023 జూన్‌లో ఆ కంపెనీ శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో కోచ్ ఫ్యాక్టరీ తెరిచింది. జింద్–సోనీపత్ మార్గం కోసం నడుస్తున్న డీజిల్ డెము బండికే హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ అమర్చే పనీ దానికే దక్కింది. పాత అడుగుభాగానికి కొత్త శక్తి ఎక్కించి, బరువు ఎక్కడ పడుతుందో, పట్టు ఎంత ఉంటుందో మళ్లీ లెక్కగట్టడం ఫ్రీలాన్సరు బల్ల మీదా, కర్మాగారంలోనూ ఒకటే.

మోడల్ రైళ్లు చూడాలనిపిస్తే పుణెలో 1998 నుంచి జోషీల సూక్ష్మ రైల్వే మ్యూజియం నడుస్తోంది. చేయాలనిపిస్తే మాత్రం పటాన్‌చెరు–సంగారెడ్డి బెల్టులోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగు కాలేజీల్లో కావలసినవన్నీ ఉన్నాయి. లేత్, వెర్నియర్, సోల్డరింగు ఐరన్, తుక్కులో పారేసిన ప్రింటర్లు. అధ్యాపకులు ఏటా చేయించే మామూలు మినీ ప్రాజెక్టుల స్థానంలో ఒక్క షంటరు చేయించి చూడండి. గేరు నిష్పత్తి, ఘర్షణ, విద్యుత్తు, కొలతల నిక్కచ్చితనం అన్నీ ఒకే పనిలో వస్తాయి. జాగ్రత్త ఒక్కటే: పట్టాలకు 12 వోల్టుల అడాప్టరు తప్ప ఇంటి కరెంటు ఎన్నడూ తగిలించకండి, సోల్డరింగు చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. సంగారెడ్డికి నిజమైన రైలు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. దానికి ఇంజను మాత్రం ఈ సెమిస్టరులోనే చేయవచ్చు.